గొడ్డుకారంలో నెయ్యి

(ఏప్రిల్ 14, అంబేద్కర్ జయంతి రాత్రి మిరప పొలాల నడుమ ఉన్న ఒక పల్లెలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ రోజున బాబాసాహెబ్ ఎక్కడ పుట్టాడు, ఎన్ని డిగ్రీలు చదివాడు అని చెప్పుకుంటాం. అవన్నీ ఇందాక మన పిల్లలు నాకంటే బాగా చెప్పారు. నేను ఈసారి తిండి గురించి మాట్లాడతాను. పొద్దున్నుంచీ కల్లాల్లో తాలుకాయలు ఏరి, ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఇప్పుడే విప్పి వచ్చి కూర్చున్నారు మీరు. వెనక పొయ్యి మీద కూర ఉడుకుతోంది. ఈ టైములో తిండి గురించి మాట్లాడేవాడిని ఎంతసేపు భరిస్తారో నాకు తెలుసు. అయినా మాట్లాడాలి. మన పల్లెకు ఒక కబురొచ్చింది, దాని మీద రెండు వారాలుగా ఇంటింటా గొడవ నడుస్తోంది.

కబురేమిటో అందరికీ తెలిసిందే, అయినా కరెక్టుగా చెప్పుకుందాం. రోడ్డు పక్క తోటలో ఒకాయన విడిది కట్టాడు. పైన తాటాకు, చుట్టూ మట్టి గోడ, నులక మంచం, లోపల ఏసీ. హైదరాబాద్ నుంచి, బెంగుళూరు నుంచి, సెలవులకు అమెరికా నుంచి వచ్చినవాళ్ళు శని, ఆదివారాలు అక్కడ దిగుతారు. మిరపచేలు చూస్తారు, కల్లంలో ఫోటోలు దిగుతారు, పల్లె తిండి తింటారు. ఆ తిండి వండటానికి మన పల్లె నుంచి నలుగురు ఆడవాళ్ళు కావాలని అడిగారు. జొన్నరొట్టెలు తట్టాలి, రోట్లో పచ్చడి నూరాలి, పొద్దున్నే చద్దన్నం వడ్డించాలి. రోజుకు ఐదొందలు. పాత చీరలు కట్టుకు రావాలి, చేతిలో సెల్లు కనపడకూడదు. ఇంకో మాట కూడా చెప్పారంట. ఎవరన్నా మీది ఎక్కడ అని అడిగితే ఊరి పేరు చెప్పండి చాలు, పల్లె సంగతి ఎత్తొద్దు అని.

కుర్రాళ్ళు ఇది ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం, వెళ్ళడానికి వీల్లేదు అంటున్నారు. ఆడవాళ్ళు మిరపకోతలు అయిపోతున్నాయి, మే నెలా జూన్ నెలా పనెవడు చూపిస్తాడు అని అడుగుతున్నారు. రెండూ న్యాయమైన మాటలే. నన్ను పంతులుగారూ మీరు తేల్చండి అన్నారు. తేల్చడం నావల్ల కాదు గానీ నాకు తోచింది చెబుతాను.

ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ళ కిందట స్కూల్లో మా సారు ఒకాయన రిటైరయితే అందరం కలిసి గుంటూరులో ఒక పెద్ద హోటలుకు వెళ్ళాం. గోడకు ఎడ్లబండి చక్రం తగిలించి ఉంది. లాంతర్లు వేలాడుతున్నాయి, వాటిలో కరెంటు బల్బులు. పాయసం కొబ్బరి చిప్పలో ఇచ్చారు. అక్కడ కార్డులో మొట్టమొదటి ఐటం గొడ్డుకారం అన్నం. వేడి అన్నం, పైన ఎర్రటి కారం, దాని మీద గరిటెడు నెయ్యి. నేను అడిగి వేయించుకుని తిన్నాను. అబద్ధం ఎందుకు, బ్రహ్మాండంగా ఉంది. ఇంటికొచ్చి మా అమ్మకు చెప్పాను. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "నెయ్యి వేశారా? నెయ్యి వేస్తే అది గొడ్డుకారం ఎట్టా అవుద్దిరా?" అంది.

మా అమ్మ చదువుకోలేదు. కానీ ఆ మాటకు అర్థం ఆమెకు తెలిసినట్టు ఆ హోటలు కార్డు రాసినవాడికి తెలియదు. గొడ్డు అంటే ఏమీ లేనిది. గొడ్డుపోయిన చెట్టు అంటాం చూడండి, ఆ గొడ్డు. పప్పు కలవదు, కొబ్బరి కలవదు, నూనె చుక్క తగలదు. ఎండు మిరపకాయలూ ఉప్పూ దంచితే, ఇంట్లో ఉంటే ఒక వెల్లుల్లి రెబ్బ పడితే, అది గొడ్డుకారం. కూర లేనివాళ్ళ కూర అది. ఇంత సంకటి ముద్దకు చిటికెడు కారం అద్దుకుంటే నోరు మండి నీళ్ళు తాగుతాం, ముద్ద గొంతు దిగుతుంది, కడుపు నిండినట్టు ఉంటుంది. మన జిల్లాల వాళ్ళు కారం ఎక్కువ తింటారు, వాళ్ళ రక్తమే అంత అని సినిమాల్లో డైలాగులు రాశారు. మన తాతలు కారం ఎక్కువ తిన్నారంటే కూర తక్కువ తిన్నారని అర్థం.

ఇంకో సంగతి. మిరపకాయ ఈ దేశానిదే కాదు. అమెరికా ఖండంలో పుట్టి, 500 ఏళ్ళ కిందట పోర్చుగీసు ఓడల మీద ఇక్కడికి వచ్చింది. అంతకు ముందు ఈ దేశంలో కారమంటే మిరియాలే. కాబట్టి రిషుల కాలం నాటి ఆంధ్రుల రుచి అని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఇవాళ గుంటూరు మిరప యార్డు ఆసియాలోనే పెద్దది అంటారు. ఆ యార్డుకు వెళ్ళే ప్రతి టిక్కీలో ఉన్న కాయ ఎవరో ఒక ఆడమనిషి చేత్తో కోసి, చేత్తో ఏరినది. నా చిన్నప్పుడు మా అమ్మ కోతల నుంచి వచ్చి రెండు చేతులకూ ఆముదం రాసుకుని గాలికి చాపుకుని కూర్చునేది. చంటి చెల్లెలు ఏడుస్తుంటే ఎత్తుకోవడానికి భయపడేది, ఆ చేతుల మంట బిడ్డ కళ్ళకు ఎక్కడ తగులుతుందోనని. నేనే ఎత్తుకునేవాణ్ణి.

సరే, తిండి మాటకు వద్దాం. మా తాత పాలేరు. ఏడాదికి ఇన్ని బస్తాల జొన్నలని జీతం. మధ్యాహ్నం కూడు కామందు ఇంట్లో, అంటే ఇంట్లో కాదు, గొడ్లచావిడి దగ్గర. పైనుంచి వేస్తే ఈయన సత్తు గిన్నె పట్టేవాడు. టీ కొట్టు దగ్గర మనకు వేరే గ్లాసు, చూరులో దోపి ఉండేది. అది మనమే తీసుకోవాలి, మనమే కడిగి మళ్ళీ దోపాలి. కొన్ని ఊళ్ళలో గ్లాసు కూడా కాదు, కొబ్బరి చిప్ప. అందుకే ఆ హోటల్లో పాయసం చిప్పలో ఇచ్చినప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పక్కన కూర్చున్న మా సార్లు ఎంత బాగుందో అని ఫోటో తీశారు. వాళ్ళకు అది చిప్ప. నాకూ చిప్పే, కానీ నేను మా తాతను చూసుకున్నాను. ఈ తోటలో విడిది ఉంది చూశారా, అందులో భోజనాల పాకకు ఏం పేరు పెట్టారో మన కుర్రాళ్ళు చదువుకొచ్చారు. గొడ్లచావిడి అని పెట్టారు. అక్కడ కూర్చుని తినడానికి డబ్బిస్తారు వాళ్ళు.

జొన్న సంగతీ ఇంతే. జొన్న, సజ్జ, కొర్ర, వరిగ, ఇవి మెట్ట పొలాల తిండి, కూలోడి తిండి. వరన్నం మనకు పండగ నాడు. 1983లో ఎన్.టి. రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తే మన పొయ్యిల మీద రోజూ వరన్నం ఉడికింది. అప్పుడు ఊళ్ళో ఏమన్నారో పెద్దయ్యలకు గుర్తుంటుంది. వీళ్ళకు బియ్యం అగ్గువై కొవ్వెక్కింది, పనికి రావటం లేదు అన్నారు. ఇప్పటికీ అంటారు. ఈలోగా మన మెట్ట పొలాలు పత్తికీ మిరపకూ పోయాయి, జొన్న చేలు వెతికితే గానీ కనపడవు. పత్తి తెల్లదోమకు పోయి 1987లో, 88లో ఈ రెండు జిల్లాల్లోనే రైతులు పురుగుమందు తాగారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, ఢిల్లీ ప్రభుత్వం వాటికి శ్రీ అన్న అని పేరు పెట్టింది. మనం తిన్నన్నాళ్ళూ వాటికి శ్రీ లేదు. షుగరు జబ్బులు వచ్చి పెద్దింటివాళ్ళు తినడం మొదలుపెట్టాక శ్రీ వచ్చింది, రేటూ వచ్చింది. ఇప్పుడు కిలో కొర్రలు కొనాలంటే మనకు బియ్యం కంటే భారం.

జొన్న మంచి తిండే. చద్దన్నం మంచిదే. నగరం నుంచి వచ్చినవాడు అది తిని ఆనందపడితే నాకు ఏడుపు లేదు. నాకు ఇబ్బంది కలిగించేది వేరే. వాళ్ళు దీన్ని నిరాడంబర జీవితం అంటున్నారు. ఎంత తక్కువతో ఎంత హాయిగా బతుకుతున్నారో, మేం అనవసరంగా పరుగులు పెడుతున్నాం అని వాళ్ళు వీడియోల్లో చెబుతున్నారు. రెండు రోజులు తక్కువతో బతకడానికి వాళ్ళు పెట్టే ఖర్చు మన ఇంటికి నెల సరుకులు. ఆదివారం సాయంత్రం వాళ్ళు కారెక్కి వెళ్ళిపోతారు. మనకు ఆదివారం సాయంత్రం అంటూ లేదు.

మనం కొంచెం సుఖపడితే మాత్రం ఊరుకోలేదు ఎవరూ. బాబాసాహెబ్ 1936లో రాసిన కుల నిర్మూలన పుస్తకంలో చక్వారా అనే ఊరి సంగతి ఉంది. జైపూర్ సంస్థానంలోది. ఒక అంటరానివాడు తీర్థయాత్ర చేసుకొచ్చి తన కులంవాళ్ళకు విందు పెట్టాడు. విందులో నెయ్యి వడ్డించాడు. తింటూ ఉండగానే వందలమంది సవర్ణులు కర్రలతో వచ్చి పడ్డారు. అన్నం పాడుచేశారు, తినేవాళ్ళను కొట్టారు, విస్తళ్ళు వదిలి పారిపోయారు జనం. చేసిన తప్పు నెయ్యి తినడం. డబ్బులు వాళ్ళవే, నెయ్యి వాళ్ళు కొన్నదే. నెయ్యి తినడం పెద్దవాళ్ళ లక్షణం, మీకెందుకు అని. మా అమ్మ నెయ్యి గురించి అడిగిన రోజు రాత్రి నాకు ఇదే గుర్తొచ్చింది.

అదెక్కడో రాజస్థాన్ అనుకోవద్దు. మన చుండూరు ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రాడు టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంటే, కాలు తగిలిందన్న మాట మీద మొదలై, 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికేదాకా వెళ్ళింది. కారంచేడు ఎక్కడ మొదలైంది? తాగే నీళ్ళ దగ్గర. మాదిగలు తాగే చెరువును గేదెల కుడితితో పాడుచేస్తుంటే వద్దన్నారు. కొట్టడానికి వస్తే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. తెల్లారి, 1985 జూలై 17న, ఆరుగురిని చంపారు. చీరాలలో శిబిరం, దళిత మహాసభ, ఇదంతా మీకు తెలిసిన చరిత్ర. (2022లో జిల్లాలు విడగొట్టాక ఈ రెండు ఊళ్ళూ బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. కొత్త జిల్లా మ్యాపులో పక్కపక్కన చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది.) మంచినీళ్ళు, సినిమా, నెయ్యి. మనం వీటిని అడిగాం. వీటిల్లో విలాసమేది?

నిరాడంబరత గురించి బాబాసాహెబ్ సూటిగానే రాశారు. 1945లో గాంధీ గురించీ కాంగ్రెస్ గురించీ రాసిన పుస్తకంలో ఆయన వాదన ఇది. యంత్రాలొద్దు, వెనకటి సాదా బతుకే ముద్దు అనే సిద్ధాంతం కోట్లమందిని పశువుల్లా రోజంతా చాకిరీలో ఉంచుతుంది. మనిషికి తీరిక కావాలి, తీరిక లేకపోతే చదువూ లేదు, సంస్కృతీ లేదు అని. ఆయన సూటు వేసుకున్నాడు, ఖరీదైన పెన్నులు కొన్నాడు, ఇల్లంతా పుస్తకాలతో నింపాడు. గోచీ పెట్టుకుని మనకు ఆదర్శం చూపించలేదు. గోచీ మనకు ఎట్లాగూ ఉంది కదా.

ఇక్కడ ఒక మనిషిని తలుచుకోవాలి. తెనాలి దగ్గర గుడివాడ ఊరి మస్తానమ్మ. చిన్న వయసులోనే భర్త పోయి, పొలం కూలి చేసుకుని బతికింది. నూరేళ్ళు దాటాక మనవడి వరసైన కుర్రాడూ అతని స్నేహితుడూ 2016లో ఆమె వంట వీడియో తీసి యూట్యూబులో పెడితే ప్రపంచమంతా చూసింది. పుచ్చకాయలో కోడికూర వండింది, గోటితో అల్లం తొక్క తీసింది. లక్షలమంది అభిమానులు. 2018 డిసెంబరులో పోయింది. ఆమెను చూసి నాకు ఎంతో ఆనందమైంది, చెబుతున్నా. ఆ వయసులో ఆ నవ్వు, ఆ దర్జా. కానీ చూసినవాళ్ళు ఆమె గుడిసెను కూడా ఆమె గొప్పతనం కింద లెక్కేశారు. ఎంత సింపుల్ జీవితమో అన్నారు. నూరేళ్ళు కూలి చేసిన మనిషికి పక్కా ఇల్లు ఎందుకు లేదు అని అడిగినవాళ్ళు ఎంతమంది?

మొన్న మార్చిలో మన కల్లానికి కూడా వచ్చారు కదా ఒక కారు వాళ్ళు. ఒకామె మా అమ్మ పక్కన కూర్చుని కాయలు ఏరుతూ ఫోటో దిగింది. మంచి మనిషే, పిల్లలకు బిస్కట్లు ఇచ్చింది, అమ్మను పెద్దమ్మా అని పిలిచింది. పావుగంట ఏరింది. తర్వాత చేతులు మండి కళ్ళు తుడుచుకుంది, అంతే, కేకలు. అమ్మ పరుగెత్తి ఇంట్లో ఉన్న పెరుగు గిన్నె తెచ్చి చేతులకూ కళ్ళకూ రాసింది. రాత్రి మా ఇంట్లో పెరుగు లేదు. వెళ్ళేటప్పుడు ఆమె రోజూ ఎలా చేస్తారు పెద్దమ్మా ఇది అని అడిగింది. ఆ ప్రశ్న మంచిది. ఆ వీడియో తర్వాత చూశాను. ఎర్రటి కల్లం ఉంది, సూర్యాస్తమయం ఉంది, పాట ఉంది. ఆ ప్రశ్న మాత్రం కోసేశారు.

వాళ్ళనే అంటే సరిపోదు. నేనేమిటి? నాకు జీతం వస్తుంది, గుంటూరులో ఇల్లుంది. నెలకోసారి వస్తే అమ్మ చేత రొట్టెలు తట్టించుకుని తిని, అబ్బ ఎంత రుచి అని వెళ్ళిపోతాను. నా పిల్లలు నాయనమ్మ కట్టెల పొయ్యి ముందు నిలబడి ఫోటో దిగుతారు. గ్యాస్ పొయ్యి కొనిస్తే వాడకుండా మూలన పెట్టావేమ్మా అని నేను కసురుకుంటాను, సిలిండరుకు డబ్బు ప్రతిసారీ పంపుతానా అంటే పంపను. నేనూ టూరిస్టునే. మన కుర్రాళ్ళు అప్పు తెచ్చి పుట్టినరోజుకు కేకులు, బిర్యానీలు, ఫ్లెక్సీలు పెడుతున్నారని పెద్దవాళ్ళు నన్ను తిట్టమన్నారు. అప్పు మీద తిట్టగలను, వారం వారం కిస్తీ కట్టలేక తల్లులు ఏడవడం చూశాను. బిర్యానీ మీద తిట్టలేను. చక్వారా చదివినవాణ్ణి.

ఇప్పుడు ఆ విడిది బోర్డు. పల్లె రుచులు అని రాశారు. మన జిల్లాల్లో పల్లె అంటే ఎవరు? ఊరు వేరు, పల్లె వేరు. మాలపల్లె, మాదిగపల్లె. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు నవలకు మాలపల్లి అని పేరు పెట్టింది ఈ గుంటూరు జిల్లా వాడు కాబట్టే. కానీ ఆ పల్లె రుచుల్లో పల్లె ఎక్కడుంది? నాటుకోడి ఉంది, ఉలవచారు ఉంది, గోంగూర ఉంది. పెద్దకూర ఉందా? దండేనికి ఆరేసిన తునకలు, చింతచిగురేసి వండిన తునకల కూర ఉందా? అది పేరెత్తడానికి కూడా భయం. 2016 ఆగస్టులో అమలాపురంలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న మాదిగ అన్నదమ్ములను కట్టేసి కొట్టారు. అంటే మన తిండిలో వాళ్ళకు పనికొచ్చింది ఏరుకున్నారు, తాలు పక్కన పెట్టారు. మన చేతులు కావాలి, మన చిరునామా వద్దు.

ఈ చిరునామా దగ్గరే నేను గట్టిగా నిలబడతాను, ఎందుకంటే ఒకసారి ఓడిపోయాను. 2003లో మధ్యాహ్న భోజనం మొదలైన కొత్తలో, నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. మొదటి పోస్టింగు బడిలో వంటకు మన పల్లెలాంటి పల్లె నుంచే ఒకక్క వచ్చింది. మూడో రోజు ఊళ్ళో పిల్లలు క్యారేజీలు తెచ్చుకున్నారు. పెద్దమనుషులు వచ్చి, వండితే వండనీండి, వడ్డన మాత్రం వేరేవాళ్ళ చేత చేయించండి, ఆమె కనపడకుండా వెనక ఉంటే చాలు అన్నారు. గొడవెందుకని అందరూ ఒప్పుకున్నారు. నేనూ తలూపాను. కొత్త ఉద్యోగం, భయం. ఆ అక్క ఏమీ అనలేదు. రోజూ వండి, గంట కొట్టగానే గోడ వెనక్కి వెళ్ళి కూర్చునేది. ఆమె వండిన పప్పు బాగుందని పిల్లలు మారు అడిగి తినేవాళ్ళు. ఆ గోడ నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

కాబట్టి అక్కల్లారా, వెళ్ళొద్దని నేను అనను. వంట పని నామోషీ కాదు. కోల్డ్ స్టోరేజీలో కిలోల లెక్కన తొడిమలు తీసి దగ్గుతూ రావడం కంటే పొయ్యి ముందు కూర్చోవడం నయమని మీరంటే నేనెవర్ని కాదనడానికి? కానీ అడగాల్సినవి అడగండి. హోటల్లో వంటమాస్టరుకు ఎంత ఇస్తారో కనుక్కోండి. మీది కూలి పని కాదు, వాళ్ళెవరికీ రాని పని. పాత చీర ఎందుకు కట్టుకోవాలి? పనికి వెళ్ళేటప్పుడు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను. మధ్యాహ్నం అన్నం ఆ పాకలోనే, ఆ కంచాల్లోనే తింటామని ముందే చెప్పండి. ఎవరన్నా మీది ఎక్కడ అని అడిగితే పల్లె పేరు చెప్పండి, గట్టిగా చెప్పండి. ఆ మాట విని లేచిపోయేవాడు లేచిపోతాడు. లేవనివాడితోనే మనకు పని. ఇవన్నీ ఒప్పుకోకపోతే అప్పుడు కుర్రాళ్ళు చెప్పిందే చేద్దాం. ఆ నలుగురు ఆడవాళ్ళకూ మే, జూన్ కూలి ఎట్లా అన్నది అప్పుడు కుర్రాళ్ళూ నాలాంటి జీతగాళ్ళూ కూర్చుని లెక్క చూడాలి. ఆడవాళ్ళ ఆకలి మీద మగవాళ్ళ ఆత్మగౌరవం కడితే నేను ఒప్పుకోను.

నేను మాట్లాడింది చాలు. అడిగింది ఆడవాళ్ళను, రెండు వారాలుగా మాట్లాడుతోంది మగవాళ్ళం. ఆకులు వేసేలోపు ఆ నలుగురూ ఒక్కొక్కరూ వచ్చి మైకులో వాళ్ళ మాట చెప్పాలి. నలుగురిలో ఒకతె మా అమ్మేనని మీకు తెలుసు, అదిగో ఆ చివర కూర్చుంది. పొద్దున అడిగాను. పోతానంది. కాకపోతే అన్నంలోకి నెయ్యి తనకూ వెయ్యాలంట. రా అమ్మా, నువ్వే ముందు చెప్పు.